గువ్వలచెరువు ఘాట్‌లో పట్టని బ్రేకు: ఏడు వారాల నా అనుభవం

2025 జూలై 20 నుంచి సెప్టెంబరు 7 వరకు, ఆదివారం నుంచి ఆదివారానికి సరిగ్గా ఏడు వారాలు, నా సైకిల్ డిస్కు బ్రేకుల వెంట తిరిగాను. మొత్తం 4,020 రూపాయలు ఖర్చయ్యాయి. మొదటి రోజే ఒక ప్రశ్న వేసుకుని ఉంటే అందులో సగానికి పైగా మిగిలేది, కనీసం మూడు వారాలు కలిసొచ్చేవి. డిస్కు బ్రేకుల సైకిళ్లు మన ఊళ్లలోనూ బాగా కనిపిస్తున్నాయి. బ్రేకు కీచుమంటోందని, పట్టడం లేదని తిప్పలు పడేవాళ్లకు పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను కడపలో ఒక జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతాను. సైకిల్ మా తమ్ముడిది. రెండేళ్ల కిందట బెంగళూరులో చిన్న ఫ్లాటుకు మారుతూ, "అక్కా, దీన్ని అమ్మడానికి మనసు ఒప్పడం లేదు, నువ్వు తొక్కు" అని బస్సు మీద వేసి పంపాడు. లావు టైర్ల మౌంటెన్ బైకు. షిమానో ఎంటీ200 హైడ్రాలిక్ బ్రేకులు. వీటిలో తీగ ఉండదు. లివరు నొక్కితే గొట్టంలోని నూనె పిస్టన్లను తోస్తుంది, పిస్టన్లు రెండు వైపుల నుంచి ప్యాడ్లను డిస్కుకు అదుముతాయి. కాలేజీకి రోజూ దాని మీదే వెళ్తాను. ఆదివారాలు తెల్లవారుజామున పాలకొండల వైపు వెళ్లి ఎండెక్కకముందే తిరిగి వస్తాను. రెండేళ్లలో బ్రేకుల గురించి ఒక్కసారి కూడా ఆలోచించాల్సిన అవసరం రాలేదు.

జూలై 20న కొండ కింది బాటలో బురదలో పడి వచ్చాను. చక్రాలు, గొలుసు, ఫ్రేము అన్నీ మట్టికొట్టుకుపోయాయి. మరునాడు మా వారు స్కూటరును వాటర్ సర్వీసింగుకు తీసుకెళ్తుంటే సైకిల్‌ను కూడా అక్కడే కడిగించాను. 80 రూపాయలు. సాయంత్రం చూస్తే నల్లటి ఫ్రేము కొత్తదానిలా నిగనిగలాడుతోంది. చాలా సంతోషించాను. ఆ నిగనిగ ఎక్కడి నుంచి వచ్చిందని మాత్రం అడగలేదు.

24వ తేదీ, గురువారం. కాలేజీ గేటు దగ్గర బ్రేకు వేయగానే కీచుమని ఎంత పెద్దగా అరిచిందంటే, చెట్టు కింద నిలబడిన పిల్లలందరూ ఒక్కసారి తలతిప్పారు. వానలో నానిన డిస్కు ఒకటి రెండుసార్లు అరవడం నాకు తెలుసు, తడి ఆరగానే ఆగిపోతుంది. ఆ రోజు వాన లేదు. శుక్రవారం, శనివారం కూడా అరిచింది. లివరు ఎంత నొక్కినా సైకిల్ ఆగాల్సిన చోటు కన్నా రెండు మూడు బారలు ముందుకు పోతోంది. అయినా చదును రోడ్డు మీద అది పెద్ద ప్రమాదంగా అనిపించలేదు.

27వ తేదీ ఆదివారం అదే సైకిల్‌తో గువ్వలచెరువు ఘాట్ ఎక్కాను. ఈ ఏడు వారాల్లో నేను చేసిన పెద్ద తప్పు ఇదే. కడప నుంచి రాయచోటి వెళ్లే రోడ్డు కొండ మీదికి మలుపులు తిరుగుతూ ఎక్కుతుంది, రాత్రీ పగలూ బరువు లారీలు తిరుగుతూనే ఉంటాయి. ఎక్కేటప్పుడు బ్రేకులతో పని లేదు కదా. పైన గువ్వలచెరువులో పాలకోవా దుకాణాలు అప్పుడప్పుడే తెరుస్తున్నారు. పావు కిలో కట్టించుకుని, టీ తాగి, దిగడం మొదలుపెట్టాను.

రెండో మలుపు దగ్గర ముందు ఒక లారీ నెమ్మదిగా దిగుతోంది. రెండు లివర్లూ నొక్కాను. కీచుమనే అరుపు కొండకు తగిలి తిరిగి వినిపించింది గానీ వేగం తగ్గలేదు. ఇంకా గట్టిగా, నాలుగు వేళ్లతో నొక్కాను. లారీ వెనక రేకు మీద రాసిన అక్షరాలు పెద్దవవుతున్నాయి. చివరికి రోడ్డు అంచున ఉన్న మట్టిలోకి తిప్పి, చెప్పు నేలకు ఈడ్చి ఆపాను. ఎడమ చెప్పు అడుగు అరిగిపోయింది. పిట్టగోడ పక్కన కూర్చుని నీళ్లు తాగుదామంటే సీసా మూత తిప్పడానికి వేళ్లు సహకరించలేదు. ఆ తర్వాత ఘాట్ మొత్తం సైకిల్ పట్టుకుని నడిచే దిగాను. గంటన్నర పట్టింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇది చదివాకే మా వారికి తెలుస్తుంది.

28న సైకిల్ మెకానిక్ దగ్గరికి వెళ్లాను. ఆయన మంచి పనివాడే. సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టి, ప్యాడ్లు విప్పి ఎమరీ పేపరుతో రుద్ది, మళ్లీ బిగించాడు. "వానాకాలంలో డిస్కు బ్రేకులు అరుస్తాయి మేడం, మామూలే" అన్నాడు. వేరే పనులు మధ్యలో రావడంతో సైకిల్ ఉదయం నుంచి మధ్యాహ్నం మూడు దాకా అలా తలకిందులుగానే ఉంది. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, తర్వాత దీనితో పని ఉంది. 150 రూపాయలు తీసుకున్నాడు. రెండు రోజులు నిశ్శబ్దం. 31న మళ్లీ మొదలైంది.

మరునాడు తరగతిలో బోర్డు మీద రాస్తుంటే సుద్దముక్క కీచుమంది. పిల్లలు చెవులు మూసుకున్నారు. నేను అక్కడే ఆగిపోయాను. ఈ శబ్దం గురించి ఏటా పాఠం చెబుతాను. సుద్దముక్క బోర్డుకు ఒక క్షణం అంటుకుంటుంది, మరుక్షణం జారుతుంది, మళ్లీ అంటుకుంటుంది. ఇది సెకనుకు వందల వేల సార్లు జరిగితే ఆ కంపనం మనకు కీచుమని వినిపిస్తుంది. నా బ్రేకులోనూ అదే జరుగుతోంది. ప్యాడ్ డిస్కును పట్టడం లేదు, పట్టీ పట్టనట్టు పట్టి జారుతోంది. ఆ కంపనాన్ని పలుచటి ఉక్కు డిస్కు గంటలా మోగిస్తోంది. అరుపు, బలహీనత రెండూ ఒకే జబ్బు లక్షణాలని ఆ రోజు అర్థమైంది. కారణం మాత్రం ఇంకా తెలియలేదు.

సుద్దముక్కను పట్టుకునే కోణం మారిస్తే అరుపు పోతుంది కాబట్టి, ప్యాడ్లు వంకరగా తగులుతున్నాయేమోనని ఆ సాయంత్రం క్యాలిపర్‌ను, అంటే పిస్టన్లు, ప్యాడ్లు ఉండే భాగాన్ని, సరిచేశాను. దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే రెండు బోల్టులను కొంచెం వదులు చేసి, లివరు నొక్కి పట్టుకుని, క్యాలిపర్ దానంతట అది డిస్కుకు మధ్యలోకి వచ్చాక మళ్లీ బిగించాలి. చక్రం తిరుగుతుంటే ముందు వినిపించే సన్నటి రాపిడి పోయింది. కీచు పోలేదు.

ఆగస్టు 2, శనివారం చేసిన పని రాయడానికి ఇబ్బందిగా ఉంది, కానీ ఎవరూ చేయకూడదని రాస్తున్నాను. ప్యాడ్లలో జిడ్డు చేరితే మంట మీద కాల్చాలని ఒక వీడియోలో చూశాను. ముందు చక్రం ప్యాడ్లు రెండూ విప్పి, పట్టకారుతో పట్టుకుని గ్యాస్ పొయ్యి మీద పెట్టాను. నల్లటి పొగ, వెంట్రుకలు కాలిన వాసన. మా అమ్మ పూజ గదిలోంచి పరుగెత్తుకొచ్చింది. వంటిల్లు రెండు రోజులు ఆ వాసనే కొట్టింది. చల్లారాక బిగిస్తే ఆ పూట కాస్త పట్టినట్టే అనిపించింది. సోమవారం చూస్తే ఒక ప్యాడ్ మీది పదార్థం అంచున పగిలి, వెనక రేకు నుంచి విడివడుతోంది. అది పూర్తిగా ఊడి ఉంటే ముందు చక్రానికి బ్రేకే లేదు. పొగ వచ్చిందంటే జిడ్డు ఉన్నట్టేనని ఆ పొయ్యి దగ్గరే నాకు తట్టాల్సింది. తట్టలేదు.

కొత్త ప్యాడ్లకు ఆదివారం 3వ తేదీనే ఫోనులో ఆర్డరు పెట్టి ఉన్నాను. 8న, వరలక్ష్మీ వ్రతం రోజు వచ్చాయి. పేరంటాళ్లు వెళ్లాక విప్పి చూస్తే ఆకారమే వేరు. బొమ్మ చూసి ఆర్డరు పెట్టడం వల్ల వచ్చిన తిప్ప ఇది. ప్యాడ్ల మోడల్ సంఖ్య వెనక రేకు మీదే ఉంటుంది, అది చూడాలి. మా తమ్ముడు వేసినవి బీ01ఎస్, ఇప్పుడు దొరికేవి బీ05ఎస్, ఆకారం ఒకటే. పైగా నేను తెప్పించినవి లోహపు ప్యాడ్లు. నా డిస్కు మీద రెజిన్ (లోహం కాకుండా జిగురు పదార్థంతో చేసిన) ప్యాడ్లకు మాత్రమే అని చిన్న అక్షరాలతో చెక్కి ఉంది, రెండేళ్లుగా నేను చదవలేదు. వాపసు పంపాను, డబ్బు తిరిగి వచ్చింది. 9న రెండు జతలు, ముందుకు ఒకటి, వెనక్కు ఒకటి, 1,260 రూపాయలకు మళ్లీ పెట్టాను. ఆగస్టు 15 శుక్రవారం పడటంతో వరుసగా మూడు రోజులు పార్సిల్ కదల్లేదు. 19న చేతికొచ్చింది. ఈ రెండు వారాలూ కాలేజీకి ఆటోలో వెళ్లాను, ఆ ఖర్చు పై లెక్కలో లేదు.

19 రాత్రి వంట అయ్యాక ముందు చక్రం ప్యాడ్లు మార్చాను. అనుకున్న దానికన్నా సులువైన పని. పాత ప్యాడ్లు ఉండగానే టైరు విప్పడానికి వాడే ప్లాస్టిక్ బద్దను మెల్లగా దూర్చి పిస్టన్లను వెనక్కి నెట్టాలి. పిన్ను తీసి, రెండు ప్యాడ్లనూ, వాటి మధ్య ఉండే పలుచటి స్ప్రింగునూ కలిపి బయటికి లాగాలి. కొత్తవి అదే వరుసలో పెట్టాలి. ప్యాడ్లు బయట ఉన్నప్పుడు పొరపాటున కూడా లివరు నొక్కకూడదు, పిస్టన్లు బయటికి తోసుకొస్తాయి. వీధిలో రెండు చుట్లు తిరిగాను. మొదటి నాలుగైదు సార్లు బాగానే ఆగింది. పది నిమిషాలకు అదే కీచు. అరుగు మీద కూర్చుండిపోయాను. 630 రూపాయల కొత్త ప్యాడ్లు పది నిమిషాల్లో పాతవైపోయాయి. ఆ రాత్రి నిజంగా ఏడుపొచ్చింది. వెనక ప్యాడ్లు మార్చేంత ఓపిక లేకపోవడమే మంచిదైంది, ఆ జత మిగిలింది.

20 ఉదయం తమ్ముడికి ఫోను చేశాను. అంతవరకు వాడి సైకిల్‌ను పాడుచేశానని చెప్పడానికి మొహం చెల్లక చెప్పలేదు. అంతా విని ఒకే ప్రశ్న వేశాడు. "అక్కా, అరుపు మొదలవడానికి ముందు దాన్ని దేనితో కడిగావు?"

మెరుస్తున్న ఫ్రేము అప్పుడు గుర్తొచ్చింది.

21 సాయంత్రం కాలేజీ నుంచి నేరుగా ఆ వాటర్ సర్వీసింగుకు వెళ్లి, పక్కన నిలబడి చూశాను. ఒక మోటారు సైకిల్‌ను షాంపూ నురగతో కడిగి, గాలితో ఆరబెట్టారు. తర్వాత పదహారేళ్ల కుర్రవాడు గాలి గొట్టానికి తగిలించిన చిన్న డబ్బాతో బండి అంతా తుంపర కొట్టాడు. వాసన ముక్కుకు తగలగానే తెలిసింది, డీజిల్. మట్టి అంటుకోకుండా, తుప్పు పట్టకుండా, మెరుపు కోసం కొడతామని చెప్పాడు. డ్రమ్ము బ్రేకుల బండికి బ్రేకు లోపల మూసి ఉంటుంది కాబట్టి అంత ఇబ్బంది లేదు. నా సైకిల్‌కు డిస్కులు, ప్యాడ్లు బయటికే ఉంటాయి. డిస్కు మీద కంటికి కనిపించని నూనె పొర పడింది. రెజిన్ ప్యాడ్ సన్న రంధ్రాలున్న పదార్థం, ఆ నూనెను పీల్చుకుంది. పైపైన రుద్దితే రెండు రోజులు బాగుండి, లోపలి నూనె పైకి ఊరగానే మళ్లీ అరిచింది. డిస్కును తుడవకుండా కొత్త ప్యాడ్లు వేస్తే వాటికీ అంటింది. కుర్రవాడిని నేనేమీ అనలేదు. వాడు ప్రతి బండికీ చేసే పనే దీనికీ చేశాడు. సైకిళ్ల డిస్కులకు కొట్టవద్దని, ఎందుకో వివరంగా చెప్పి వచ్చాను. శ్రద్ధగానే విన్నాడు.

డిస్కును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలని తమ్ముడు చెప్పాడు. అది కడపలో దొరకడానికి రెండు రోజులు పట్టింది. కోటిరెడ్డి సర్కిల్ చుట్టుపక్కల మూడు మందుల దుకాణాల్లో అడిగాను. ఇద్దరు శానిటైజర్ ఇవ్వబోయారు. సీసా వెనక చదివితే గ్లిజరిన్ అని ఉంది. చేతులు పొడిబారకుండా కలిపే ఆ గ్లిజరిన్ డిస్కు మీద మళ్లీ జిడ్డే అవుతుంది. మూడో చోట స్పిరిట్ ఉంది గానీ అందులో ఏమేమి కలిసి ఉన్నాయో సీసా మీద లేదు, వదిలేశాను. చివరికి తరగతిలో ఒక పిల్లవాడు దారి చూపాడు. వాళ్ల అన్న సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు, లోపలి బోర్డులు తుడవడానికి వాళ్లు వాడేది అదేనట. వై.వి. స్ట్రీట్ వైపు ఫోను విడిభాగాలు అమ్మే దుకాణంలో ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కు పొట్టి పేరు) అని అడిగితే మారు మాట లేకుండా తీసిచ్చారు. అర లీటరు 250 రూపాయలు.

24, ఆదివారం పొద్దున మొత్తం ఈ పనికే. చక్రాలు రెండూ విప్పాను. ముందు గిన్నెలు తోమే సబ్బు నీళ్లతో డిస్కులను కడిగి, మంచి నీళ్లు పోసి ఆరబెట్టాను. మా నాన్న పాత తెల్లపంచెను చింపి ముక్కలు చేశాను. గుడ్డను ఆల్కహాల్‌లో తడిపి డిస్కును రెండు వైపులా, రంధ్రాల అంచులు కూడా తుడిచాను. మొదటి గుడ్డ నల్లగా వచ్చింది. రెండోది బూడిద రంగు. మూడోదాని మీద పసుపు డాగు, దానిలోనే ఆ డీజిల్ ఉందని నా నమ్మకం. నాలుగో గుడ్డ అంచుల్లో మాత్రం మాసింది. ఐదో గుడ్డ తెల్లగానే వచ్చింది. తెల్లటి గుడ్డే వాడమని చెప్పడం ఇందుకే, రంగు గుడ్డ అయితే ఎప్పుడు ఆపాలో తెలియదు. ఆ తర్వాత డిస్కును వేలితో ముట్టుకోలేదు. చేతి జిడ్డు కూడా జిడ్డే.

క్యాలిపర్ లోపల చెవి పుల్లలకు ఆల్కహాల్ అద్ది తుడిచాను. డిస్కు మందం కూడా కాలేజీ ప్రయోగశాలలోని స్క్రూగేజితో ముందు రోజే కొలిచి ఉంచుకున్నాను. కొత్తగా 1.8 మిల్లీమీటర్లు ఉండేది, 1.5కు వస్తే మార్చాలి. నాది 1.7 ఉంది. డిస్కులు మార్చాల్సిన పని లేదని తెలిసి ఊపిరి పీల్చుకున్నాను.

పాడైన జతను బాగుచేయగలనేమోనని చివరి ప్రయత్నం చేశాను. మా పెరట్లో బట్టలుతికే చోట నున్నటి కడప బండ ఉంది. దాని మీద 220 నెంబరు ఉప్పు కాగితం పరిచి, ప్యాడ్‌ను బోర్లా పెట్టి గుండ్రంగా తిప్పుతూ రుద్దాను. బండ చదునుగా ఉంటుంది కాబట్టి ప్యాడ్ ఒక పక్కకు వాలకుండా సమంగా అరుగుతుంది. చేత్తో పట్టుకుని రుద్దితే ఆ సమానత్వం రాదు. మెరుపు పోయి మట్టిరంగు తేలింది. కానీ ఆల్కహాల్‌తో తుడిచి ఎండలో పెడితే అరగంటకు మధ్యలో తడి మచ్చ మళ్లీ కనిపించింది. చేతిలో పెట్టుకుని ఆ మచ్చ మెల్లగా పెద్దదవడం చూశాను. లోపలికి పోయిన నూనె బయటికి రాదని నమ్మడానికి నాకు ఆ మచ్చ చాలింది. ఆ ప్యాడ్లను పక్కన పడేసి, మిగిలిన కొత్త జతను ముందు చక్రానికి వేశాను. వెనక్కి ఇంకో జత 630 రూపాయలకు తెప్పించాను, అది 29న వచ్చింది.

కీచు పోయింది. కానీ ముందు లివరు మెత్తగా, దాదాపు హ్యాండిల్‌కు తగిలేదాకా వస్తోంది. రెండు మూడుసార్లు వెంటవెంటనే నొక్కితే గట్టిపడుతుంది. గొట్టంలో గాలి చేరిందన్నమాట. గాలి నొక్కుకుపోతుంది, నూనె నొక్కుకుపోదు. ఎలా చేరిందో తమ్ముడే చెప్పాడు. లివరు దగ్గర నూనె ఉండే చిన్న గదిలో పైన కాస్త గాలి ఉంటే ఉండవచ్చు. సైకిల్ నిలువుగా ఉన్నంతసేపు అది అక్కడే ఉంటుంది. తలకిందులుగా పెడితే గొట్టంలోకి పాకుతుంది. మెకానిక్ దగ్గర సగం రోజు అలాగే కదా ఉంది.

25న ఏడు రోడ్ల కూడలికి కొంచెం అవతల, మోటారు సైకిళ్ల డిస్కు బ్రేకులు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ముప్పై ఏళ్లుగా అదే పని. చూడగానే, "గాలి తీయాలి మేడం, పావుగంట పని" అని డాట్ 4 ఫ్లూయిడ్ సీసా అందుకున్నాడు. మూత విప్పుతుండగా లివరు మీద చిన్న అక్షరాలు నా కంట పడ్డాయి. మినరల్ ఆయిల్. "భాయ్, ఒక్క నిమిషం ఆగండి" అని చెయ్యి అడ్డుపెట్టాను. మోటారు సైకిళ్లలో పోసే డాట్ ఫ్లూయిడ్ వేరు, ఈ బ్రేకుల్లో ఉండే మినరల్ నూనె వేరు. ఒకదాని చోట ఒకటి పోస్తే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి చెడిపోతాయి. అప్పుడు బ్రేకు మొత్తం మార్చాలి. ఆయన కళ్లజోడు పెట్టుకుని అక్షరాలు చదివి, సీసా మూత బిగించేశాడు. "సరైన నూనె తీసుకురండి, నేను చేసిపెడతాను" అన్నాడు. అహానికి పోకుండా అక్కడికక్కడ ఆగిన ఆయన మీద ఆ క్షణం నుంచి నాకు గురి కుదిరింది.

నూనె, గరాటు, సిరంజి, ప్యాడ్ల చోట పెట్టే పసుపు దిమ్మె ఉన్న పెట్టెను తమ్ముడు బెంగళూరులో కొని, వినాయక చవితికి ఊరికి వస్తున్న మా పిన్ని కొడుకు చేతికిచ్చి పంపాడు. 1,450 రూపాయలు. 27 పండుగ. తర్వాత రెండు రోజులు ఆ పెద్దాయన దుకాణం తెరవలేదు. 30, శనివారం సాయంత్రం కూర్చున్నాం.

ఆ గంటా ఇరవై నిమిషాలు నాకు బాగా గుర్తుండిపోయాయి. చక్రం, ప్యాడ్లు విప్పి దూరంగా కాగితంలో చుట్టి పెట్టాం, వాటి మీద ఒక్క చుక్క పడినా కథ మొదటికొస్తుంది. ప్యాడ్ల చోట పసుపు దిమ్మె. లివరు మీది చిన్న స్క్రూ తీసి గరాటు బిగించాం. క్యాలిపర్ దగ్గర సిరంజి. కింది నుంచి నూనె ఎక్కిస్తుంటే, లేత ఎరుపు నూనె గరాటులోకి పైకి వచ్చింది. దానితో పాటు బుడగలు. మొదట పెద్దవి, తర్వాత ఆవగింజంతవి. ఆయన స్క్రూడ్రైవరు పిడితో గొట్టం పొడవునా టకటకా తడుతూ వచ్చాడు. తట్టిన ప్రతిసారీ ఎక్కడో అంటుకుని ఉన్న బుడగ ఒకటి వదిలి పైకి వచ్చేది. హ్యాండిల్‌ను ఒకసారి పైకి, ఒకసారి కిందికి వంచి లివరు నొక్కమన్నాడు. ఇక రావడం లేదని నేననుకున్నాక కూడా ఆయన ఐదు నిమిషాలు తట్టాడు. మూడు బుడగలు వచ్చాయి. ఆఖరుది వచ్చాక లివరు సగంలోనే రాయిలా నిలబడింది. ఆయన నా చెయ్యి పట్టి లివరు మీద పెట్టించి, "ఇప్పుడు చూడండి" అన్నాడు. 200 రూపాయలు తీసుకున్నాడు, ఎక్కువ ఇస్తే తీసుకోలేదు.

31 తెల్లవారుజామున రిమ్స్ వైపు ఖాళీ రోడ్డు మీద కొత్త ప్యాడ్లను అలవాటు చేశాను. ఇది మానేస్తే కొత్త ప్యాడ్లు కూడా పట్టవు. ఒక వేగం అందుకుని, లివరును సమంగా నొక్కుతూ నడక వేగానికి రావాలి. పూర్తిగా ఆగకూడదు, చక్రం బిగుసుకుపోకూడదు. ఒక్కో బ్రేకుకు ఇలా ఇరవై సార్లు, తర్వాత ఇంకొంచెం వేగంగా పది సార్లు చేయమన్నాడు తమ్ముడు. ప్యాడ్ పదార్థం పలుచటి పొరలా డిస్కుకు సమంగా అంటుతుంది, పట్టు దాని వల్లే. మొదటి ఐదారు సార్లు దాదాపు ఆగనే లేదు. గుండె జారింది. పన్నెండోసారి తేడా తెలిసింది. ఇరవయ్యోసారికి రెండు వేళ్లతో నొక్కితే నా బరువంతా ముందుకు తోసుకొచ్చింది. పాల వ్యాను వాళ్లు రెండుసార్లు ఆగి, ఏమైందమ్మా అని అడిగారు.

ఒక వారం కాలేజీకి తిరిగి చూసుకున్నాను. వర్షంలో తడిసిన రోజు మొదటి రెండు బ్రేకులకు చిన్నగా మూలిగి ఊరుకుంది. అంతే.

సెప్టెంబరు 7, ఆదివారం. ఆ రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. "మధ్యాహ్నం నుంచి సూతకం, పన్నెండు లోపల ఇంట్లో ఉండు" అని అమ్మ ముందు రోజే చెప్పింది. ఐదు కాకముందే బయలుదేరి ఘాట్ ఎక్కాను. పైన అదే దుకాణంలో ఈసారి అర కిలో కట్టించాను. దిగే ముందు లివర్లు రెండూ పదిసార్లు నొక్కి చూశాను, డిస్కులకు దీపం వెలుగు పెట్టి చూశాను. కొండ అంచున కాసేపు నిలబడి దిగడం మొదలుపెట్టాను.

అదే మలుపు. ఈసారి ముందు రెండు లారీలు. రెండు వేళ్లు చాలాయి. తారు మీద టైర్ల సవ్వడి తప్ప ఇంకో చప్పుడు లేదు. ఎడమ పక్కన చెప్పు ఈడ్చిన చోటు ఏదో గుర్తుపట్టగలిగేంత నెమ్మదిగా దిగాను. పిట్టగోడ దగ్గర ఒక నిమిషం ఆగి నీళ్లు తాగాను. సీసా మూత తేలిగ్గానే తిరిగింది.

పదిన్నరకు ఇల్లు చేరాను. అమ్మ పన్నెండు కాకముందే రెండు ముక్కలు పాలకోవా తిని, మిగిలిన దాని మీద దర్భపుల్ల వేసి మూత పెట్టింది.